పితూరీ ఎవరిది?

నేను ఏటికొప్పాక వెళ్లింది లక్కపిడతల కోసం. మా చెల్లెలి కూతురు అడిగింది. వరాహ నది ఒడ్డున వున్న ఆ వూరు బొమ్మల వూరని తెలుగువాళ్లందరికీ తెలుసు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి రంగు పడుతుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. కర్రా, లక్కా రెండూ అడవి సరుకులే. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఇవే వూరేగాయి.

నాకు బొమ్మలమ్మిన పెద్దాయన మాత్రం కర్ర దొరకడం గురించి, కూలి గిట్టకపోవడం గురించి, పిల్లలు ఈ పనిలోకి రాకపోవడం గురించి చెప్పుకొచ్చాడు. చివర్న, "పితూరీ ఎవులికి సెప్పుకోవాల బాబూ?" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. చిన్నప్పుడు నేను మొండికేస్తే మా అమ్మీ "దిమాగ్ మే ఫితూర్ హై" అనేది. బుర్రలో ఏదో కలత పుట్టిందని. అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా వచ్చిన మాట అది. మా ఇంటి మాట వరాహ నది ఒడ్డున ఒక తెలుగు ముసలాయన నోట, ఆయన సొంత మాటలా పలికింది. ఆయనకి అది పరాయి మాటని తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

తెలుగులో పితూరీకి రెండర్థాలు. ఒకటి ఫిర్యాదు. రెండోది తిరుగుబాటు. ఇంగ్లీషువాళ్లు మన్యం తిరుగుబాట్లని తమ రికార్డుల్లో 'ఫితూరీ' అనే రాసుకున్నారు. ఫిర్యాదుకీ తిరుగుబాటుకీ ఒకే మాట వాడుతున్న జనానికి, ఆ రెండింటి మధ్య దూరం ఎంతో తెలిసే వుంటుంది. మొదటిది వినేవాడు లేనప్పుడు రెండోది వస్తుంది.

ఆ రాత్రి నర్సీపట్నంలో ఒక లాడ్జీలో దిగాను. గుమాస్తా నా పేరు చదివి తలెత్తి చూశాడు. నాకంటే ముందొచ్చినాయన దగ్గర ఒక కార్డు తీసుకున్నవాడు నా దగ్గర రెండు కార్డులు అడిగాడు. ఈ వూళ్లో మీకు తెలిసినవాళ్లెవరైనా వున్నారా అన్నాడు. "ఏమనుకోకండి, రోజులట్లా వున్నాయి కదా" అన్నాడు మర్యాదగానే. నేనేమీ అనుకోలేదు. అలవాటైపోయింది. అలవాటైపోవడమే ఈ వ్యాసం రాయడానికి కారణం.

ఎక్కడ బాంబు పేలినా మా ఇళ్లల్లో మొదట ఒక దువా చేస్తాం. యా అల్లా, వాడి పేరు మన పేరు కాకుండా చూడు అని. చచ్చిపోయిన వాళ్ల కోసం కడుపునిండా ఏడవాలన్నా ముందు ఆ కబురు తెలియాలి. ఇరుగుపొరుగు ఏడుస్తూ వుంటే మేం టీవీ ముందు పేరు కోసం ఎదురుచూస్తూ వుంటాం. టెర్రరిజం మా దగ్గర్నుంచి ఏం తీసుకుపోయిందని ఎవరైనా అడిగితే, ముందుగా చెప్పాల్సింది ఇదే. అందరితో కలిసి ఏడ్చే హక్కుని తీసుకుపోయింది.

*

మర్నాడు కృష్ణదేవిపేట వెళ్లాను. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే వుంది. బడిపిల్లలొచ్చారు. దండం పెట్టారు. నేనూ నిలబడ్డాను. ఇవాళ ఆయన పేరు మీద ఒక జిల్లానే వుంది. నూరేళ్ల క్రితం ఇదే నేల మీద ఆయన్ని వేటాడటానికి పటాలాలు దిగాయి. వాళ్లకి నర్సీపట్నమే స్థావరం.

ఆ పితూరీకి ముందు ఫిర్యాదులున్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. తాతల నాటి అడవిలోకి వెళ్లడానికి గార్డుకి మామూలు ఇవ్వాల్సి వచ్చింది. గూడెం తాసిల్దారు బాస్టియన్ లంబసింగి రోడ్డు పనికి కొండవాళ్లని తోలి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. గాం గంటందొర ముఠాదారీ పోగొట్టుకున్నాడు. అర్జీలు పెట్టుకుంటే వినే దిక్కు లేదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 1879లో రంప పితూరీ వచ్చింది. కల్లుగీతని కూడా వదలకుండా మన్సబ్‌దారు వసూలు చేసిన చిగురుపన్ను, మైదానపు షావుకార్ల అప్పులు, కొండవాళ్లకి అర్థంకాని కోర్టు డిక్రీలు దానికి కారణాలు. అణిచివేశాక సర్కారు ఒక విచారణ జరిపించింది. తప్పు పన్నులో, మన్సబ్‌దారు దోపిడీలో వుందని తేలింది. మన్సబ్‌దారుని తప్పించి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. ఆలస్యంగానైనా 'ఎందుకు' అని అడిగితే ఎంతో కొంత మందు దొరికింది. తర్వాత అటవీ చట్టం పేరుతో ఆ మందుని మళ్లీ పారబోశారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం పడింది. 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు తీసుకుపోయింది. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టి మరీ పోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేసినప్పుడు ముందు నడుస్తున్న దేశీ జవాన్లని పోనిచ్చి, వెనకొస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులని కాల్చారు. ఎవరి మీద యుద్ధమో, ఎవరి మీద కాదో వాళ్లకి తెలుసు.

ఈ కథలో మా వాడొకడున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రాజు మీద అనుమానంతో నర్సీపట్నంలో నిఘా పెట్టిన రోజుల్లో పోలవరం డిప్యూటీ కలెక్టరుగా వున్న ఫజులుల్లా ఖాన్ ఆయన పక్షాన నిలబడ్డాడు. పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. సర్కారు నౌకరీలో వుంటూనే అనుమానితుడిని మనిషిగా చూశాడు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు నేనెప్పుడూ చదవలేదు. తెలిసుంటే బడిలో ఆగస్టు 15న నన్ను ఏడిపించిన పిల్లలకి చెప్పేవాణ్ణి.

*

మన్యం మీదకి దిగిన పటాలాల్లో ఒకదాని పేరు మలబార్ స్పెషల్ పోలీస్. ఆ పేరు దగ్గర ఆగి చూడాలి. విశాఖ కొండల్లోకి మలబారు పోలీసులు ఎందుకొచ్చారు? అప్పుడు మలబారూ, మన విశాఖ జిల్లా ఒకే మద్రాసు రాజధానిలో వున్నాయి. ఈ పటాలాన్ని 1921లో మోప్లా ముస్లిం రైతుల తిరుగుబాటుని అణచడానికి తయారుచేశారు. అక్కడ పని నేర్చుకుని, మరుసటి ఏడు ఇక్కడికొచ్చారు. ముస్లిం రైతు మీద పదునుపెట్టిన కత్తితోనే ఆదివాసీని కోశారు.

మోప్లాల కథ కూడా ఫిర్యాదుతోనే మొదలైంది. ఇంగ్లీషువాళ్లు మలబారులో జన్మి భూస్వాములకి భూమి మీద సర్వహక్కులూ కట్టబెట్టారు. తరతరాలుగా దున్నుతున్నవాణ్ణి లేచిపొమ్మంటే పోవాల్సిందే. 1836 నుంచి అక్కడ దాడులు మొదలయ్యాయి. 1852లో స్ట్రేంజ్ అనే అధికారిని విచారణకి వేశారు. ఆయన చూసి ఇది మతోన్మాదం అన్నాడు. దాని మీద 1854లో చట్టాలొచ్చాయి. ఎక్కడ దాడి జరిగితే ఆ ప్రాంతపు మోప్లాలందరి మీదా జరిమానా. దోషి ఎవరన్నది చూడరు. విచారణ లేకుండా దేశం దాటించొచ్చు. ఫలితం? ఆ మరుసటేడే, 1855లో, జిల్లా కలెక్టరు కొనొలీని చంపేశారు. దాడులు ఆగలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత 1881లో విలియం లోగన్ అనే మరో అధికారిని వేశారు. అదే మలబారు, అవే దాడులు, అదే మతం. ఆయన 'ఎవరు' అని కాకుండా 'ఎందుకు' అని అడిగాడు. రైతుల గోడు విన్నాడు. రోగం భూమి హక్కుల్లో వుందని, మనమే ఆ హక్కుల్ని తప్పుగా అర్థం చేసుకున్నామని రాశాడు. సర్కారు ఆ నివేదికలో చాలా భాగం పక్కన పెట్టింది. 1887లో కౌలుదారు చేసిన మెరుగులకి పరిహారం ఇచ్చే చట్టం ఒకటి చేసి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత 1921 వచ్చింది.

1921 గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. భూస్వామి మీద, సర్కారు మీద మొదలైన తిరుగుబాటు కొన్నిచోట్ల దారితప్పింది. ఏ పాపమూ ఎరగని హిందువులని చంపారు, బలవంతంగా మతం మార్చారు. ఆ బాధితుల గోడుని మనం దాచిపెడితే మన గోడు వినమని అడిగే అర్హత మనకి వుండదు. అలాగే, అణిచివేతలో చచ్చిన మోప్లాలు సర్కారు లెక్కలోనే రెండువేల మూడొందల పైన. 1921 నవంబరులో సుమారు వంద మంది ఖైదీలని గాలి చొరని గూడ్సు పెట్టెలో కుక్కి తిరూరు నుంచి రైలెక్కించారు. పోదనూరులో తలుపు తీసేసరికి శవాలు. తర్వాత పోయినవాళ్లతో కలిపి 70 మంది దాకా.

ఇవాళ రాజుది స్వాతంత్ర్య పోరాటం. మోప్లాలది? భారత చరిత్ర పరిశోధన మండలి వేసిన ఒక సంఘం 2021లో, స్వాతంత్ర్య అమరుల నిఘంటువు నుంచి 387 మంది మోప్లాల పేర్లు తీసెయ్యమని సిఫారసు చేసింది. వాళ్లు చేసిన తప్పుల్ని విడిగా, ఒక్కొక్కరిగా విచారించి చెప్తే వినొచ్చు. మొత్తంగా ఒక జాబితాని కొట్టెయ్యడం 1854 చట్టానికి కొనసాగింపే. అప్పుడు బతికున్నవాళ్ల మీద సామూహిక జరిమానా. ఇప్పుడు చచ్చిపోయిన వాళ్ల మీద.

పుట్టుకతోనే నేరస్తుణ్ణి చెయ్యడం ముస్లింలతో మొదలు కాలేదు. 1871 నేరస్త తెగల చట్టం ఏకంగా కులాల పేర్లే జాబితాలో రాసింది. మన బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఎరుకల కుటుంబాలని తెచ్చి నిఘాలో పెట్టింది దాని తర్వాతి రూపం కిందే. 1952లో చట్టం పోయింది. ఆ వూరి పేరు చెప్తే జనం జేబులు తడుముకోవడం అంత తొందరగా పోలేదు. చట్టం వేసిన ముద్రని రద్దు చెయ్యడానికి ఇంకో చట్టం సరిపోదు.

*

స్వతంత్రం వచ్చాక ఈ రెండు ప్రశ్నల్లో మనం ఏది అడిగాం? 1985లో పంజాబ్ కోసమని టాడా తెచ్చారు. పదేళ్లలో దేశమంతా పాకింది. మన రాష్ట్రంలో నక్సలైట్ల పేరుతో రైతుల్ని, కూలీల్ని, హక్కుల కార్యకర్తల్ని లోపలేశారు. మిగతాచోట్ల ముస్లింలని, సిక్కులని. 76 వేల మందికి పైగా పట్టుకుంటే, శిక్షపడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. 1995లో టాడా గడువు తీరింది. 2002లో పోటా వచ్చింది. అది 2004లో పోయింది. దాని కోరలు ఇంకో చట్టంలోకి వెళ్లాయి.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. బొంబాయిలో డిసెంబరు, జనవరి మారణకాండలో తొమ్మిదొందల మంది చచ్చిపోయారు. 1993 మార్చి 12న అదే నగరంలో బాంబులు పేలి 257 మంది చచ్చిపోయారు. జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ ఈ రెండింటికీ వున్న సంబంధాన్ని 1998 నివేదికలో స్పష్టంగా రాసింది. అలా రాసినందుకు బాంబులు పెట్టినవాళ్లని ఆయన సమర్థించినట్టా? కాదు. బాంబుల కేసులో వంద మందికి శిక్షలు పడ్డాయి. పడాల్సిందే. మారణకాండ చేసినవాళ్లలో ఎంతమందికి పడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక పితూరీ విని ఇంకొకటి వినకపోతే, వినబడని ఇంట్లో పెరిగే పిల్లాడికి మనం ఏం నేర్పుతున్నట్టు?

'ఎందుకు' అని అడగడం అంటే క్షమించడం కాదు. ఇది నా లౌకిక మిత్రులకంటే ముందు మావాళ్లకే చెప్పాలి. 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాదు గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో నలభై మందికి పైగా ముక్కలైపోయారు. మహారాష్ట్ర నుంచి వూరు చూడ్డానికొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలున్నారు వాళ్లలో. చాట్ తినడానికొచ్చినవాళ్లు ఏ మసీదు కూల్చారు? దామనపల్లిలో దేశీ జవాన్లని పోనిచ్చిన రాజుకీ, జనం మధ్యన బాంబు వదిలి పారిపోయినవాడికీ పోలికే లేదు. వాడు మా పితూరీ చెప్పలేదు. మా నోరు కూడా మూయించి పోయాడు. మన్యంలోనూ అంతే. 2018 సెప్టెంబరు 23న మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని కాల్చి చంపారు. చచ్చిన ఇద్దరూ గిరిజనులే.

*

ఆ 2007లోనే మరో రెండు సంగతులు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతున్నాను.

మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది చచ్చిపోయారు. తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. నమాజుకి పోయినవాళ్లే శవాలై వస్తే, పోలీసులు పాతబస్తీలోనే పిల్లల్ని ఏరడం మొదలుపెట్టారు. పదుల సంఖ్యలో యువకుల్ని పట్టుకుపోయారు. వాళ్ల ఒంటి మీద హింస గుర్తులున్నాయని రాష్ట్ర మైనారిటీ కమిషన్ వేసిన న్యాయవాది రవిచందర్ నివేదిక ఇచ్చారు. కేసులు నిలబడలేదు. 2010లో దర్యాప్తు హిందూత్వ బృందం వైపు తిరిగింది. సర్కారు తప్పు ఒప్పుకున్నట్టే పరిహారం ప్రకటించింది. నిర్దోషులుగా బయటికొచ్చిన 20 మందికి తలా మూడు లక్షలు, మరో 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానందతో సహా ఐదుగురినీ కోర్టు నిర్దోషులంది. అంటే ఆ తొమ్మిది మందిని ఎవరూ చంపలేదు. మసీదులో బాంబు దానంతటదే పుట్టి, దానంతటదే పేలింది.

ఆగస్టు 20. విశాఖ మన్యంలో వాకపల్లి. కూంబింగుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోదు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. మావోయిస్టులు చెప్పిస్తున్నారన్నారు. పదహారేళ్లు నడిచింది కేసు. 2023 ఏప్రిల్‌లో పోలీసులని కోర్టు విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదంది. ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది.

ఒకటి నగరం, ఒకటి కొండ. ఒకచోట ముస్లిం, ఒకచోట ఆదివాసీ. 1921లో మలబారుని, 1922లో మన్యాన్ని ఒకే పటాలం తొక్కింది. 2007లో పటాలాలు వేరైనా ముద్ర ఒకటే. కొండలో వుంటే మావోయిస్టు, పాతబస్తీలో వుంటే టెర్రరిస్టు. రెండుచోట్లా పరిహారం అన్న మాట వినిపించింది. నేరస్తుడు మాత్రం రెండుచోట్లా దొరకలేదు.

పాతబస్తీ పిల్లలకి జైలు కొన్ని నెలలే కావచ్చు. బయటికొచ్చాక పోయిన నౌకరీ రాలేదు. ఆగిన చదువు ముందుకి పోలేదు. కుదిరిన పెళ్లిళ్లు తప్పిపోయాయి. వూళ్లో ఏది జరిగినా పిలుపొస్తుంది. సర్కారు పరిహారంతో పాటు వాళ్లకి మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. ఆలోచించండి. ఈ దేశంలో ఎవరికి అటువంటి కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సిన అవసరం వుంది? ముస్లింలు దేశద్రోహులన్న నిందనీ, బుజ్జగింపులు పొందుతున్నారన్న నిందనీ రెండింటినీ ఒకేసారి మోస్తున్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. బుజ్జగింపంటే ఆ సర్టిఫికెట్టేనేమో.

ఇట్లాంటి అన్యాయం మమ్మల్ని మాత్రమే చంపదు. అసలు దోషి దొరక్కపోతే గోకుల్ చాట్ బాధితుడికీ, మక్కా మసీదు బాధితుడికీ ఇద్దరికీ న్యాయం లేదు. పేరు చూసి పట్టుకున్న ప్రతిసారీ, నిజంగా చేసినవాడికి పారిపోయే సమయం దొరుకుతుంది. స్ట్రేంజ్ దారిలో పోతే కొనొలీ ప్రాణం కూడా దక్కలేదు. చరిత్ర ఇంతకంటే విప్పి చెప్పదు.

*

కృష్ణదేవిపేట నుంచి తిరిగొస్తుంటే దారిలో బస్సు ఆపారు. తనిఖీ. ఒక కుర్ర కానిస్టేబులు నా సంచి చూపించి "ఏముంది ఇందులో?" అన్నాడు. "లక్కపిడతలు" అన్నాను. నమ్మలేదు. విప్పాడు. ఎర్రటి పొయ్యి, పచ్చటి కుండ, తిరగలి బయటికొచ్చాయి. "ఏటికొప్పాకవా? మా పాపకీ కొనాలండి" అని నవ్వి, పొయ్యి పగలకుండా కాగితంలో చుట్టి మళ్లీ లోపల పెట్టాడు. నా పేరు అడగలేదు.

మేం అడుగుతున్నది ఇంతే. అనుమానం వస్తే సంచి విప్పి చూడండి. పేరు చూసి తేల్చెయ్యకండి. ఇది నా పితూరీ. ఇంకా మొదటి అర్థంలోనే చెప్తున్నాను. ఇప్పుడే వినండి.